ఖాళీ జాగ

బర్కత్‌పురల రెండో అంతస్తు.
లిఫ్టు ఉంది, నడవదు.
ఖదీర్ బండిని గేటుకు ఆనిచ్చిండు.
ఎనక చక్రాల కింద రెండు ఇటుకలు వెట్టిన.
బ్రేకును వాడు నమ్ముతడు, నేను నమ్మ.

బీరప్పకు పనిల ఇది మూడో రోజు.
బీరువా కనవడంగనే వంగబోయిండు.
అరె, నడుముతోని గాదు.
మోకాళ్ళు మడిచి కూసో,
లేసేటప్పుడు తొడలు లేపాలె బరువును.
నడుము ఒక్కపారి పట్టిందంటే
నలభై అయిదుకే, నా లెక్క,
గోడ పట్టుకొని చెప్పులేసుకుంటవ్.

మెట్లు దిగేటప్పుడు
కిందున్నోని మీదనే బరువంత.
అందుకే కింద నేనుంట.
పైనున్నోడు కండ్లు, కిందున్నోడు భుజం.
"మలుపు" అని నువ్వనాలె,
"ఆగు" అని నేనంట.
నడుమ ఇంకో ముచ్చట లేదు.

బీరువా ముందుగాల,
క్యాబిన్ గోడకు ఈపు ఆనిచ్చి.
పక్కన ఫ్రిజ్, నిలవెట్టే.
పండవెట్టినవా, దాని కడుపుల నూనె గొంతులకొస్తది.
వాషింగ్ మిషన్ ఎడమకు, బియ్యం డబ్బా, కుట్టుమిషన్ కుడికి.
బండి ఒక దిక్కు ఒరిగితే
రామంతపూర్ గుంతలు ఊకుంటయా?
అద్దం పండొద్దు, అంచు మీద నిలవడాలె,
రెండు పరుపుల నడుమ, ఊపిరాడనంత బిగువుగ.
పుస్తకాలు చిన్న డబ్బాలల్ల.
పెద్ద డబ్బా నిండ పుస్తకాలు నింపేటోడు
ఎన్నడు మోసినోడు గాదు.

గిట్ల చెప్పుకుంట చెప్పుకుంట
సగం బండి నిండంగనే
"అంతే అన్నా" అన్నది మేడం.

పైకి చూసిన.
సోఫా అట్లనే ఉంది. మంచం ఉంది.
టీవీ గోడకే ఉంది.
నాలుగు కుర్చీలల్ల రెండే దింపినం.
సారు కిటికీ కాడ ఫోను చూస్తున్నడు,
ఫోను వెలుగుతలేదు.

నేనేం అడగలే.
మెట్టుకింత, మోతకింత,
అడుగుడు మా కూలిల లేదు.
స్టీలు గిన్నెలు పేర్లు చూసి ఏరుకున్నట్టున్నరు,
ఆమె తల్లి పేరు చెక్కినయి సంచిల కొచ్చినయి.
ఒక్క బిందె మీద మాత్రం ఇద్దరి పేర్లు, పెండ్లి తారీఖు.
అది మెట్ల మలుపు కాడ ఆగింది.
పైకి పోదు, కిందికి రాదు.
వచ్చేటోళ్ళం పోయేటోళ్ళం
దాన్ని తప్పించుకొని నడిచినం.

నిండిన బండితోని భయం లేదు నాకు.
సామాన్లు ఒకదాన్నొకటి పట్టుకొని పోతయి.
సగం బండే గండం.
ఖాళీ ఉన్న దిక్కే అన్ని ఉరుకుతయి,
ఆడనే పగుల్తయి.
మహబూబ్ ఉస్తాద్ అంటుండె,
సామాను కట్టుడు గాదుర మన పని,
ఖాళీని కట్టుడు.

గోనె సంచులు కుక్కిన. దిండ్లు కుక్కిన.
పాత చీరల మూట.
ఇంక మూరెడు జాగ మిగిలింది.
ఏం వెడుదు అని చూస్తుంటే
బీరప్ప ఉరికిపోయి
ఆ బిందె ఎత్తుకొచ్చిండు.
మరిచిపోయిన్రు అనుకున్నడు, పిచ్చోడు.
చెక్కినట్టు పట్టింది ఆ జాగల.

మేడం చూసింది.
కిటికీలకెళ్ళి సారు చూసిండు.
ఎవ్వరు ఏమనలే.
నేను తాడును కొక్కెం కిందికెళ్ళి తీసి,
మెలేసి, లారీ ముడేసి గుంజిన.
ఏలుతోని మీటితే తాడు మోగాలె.
మోగింది.

ఉప్పల్ దాక అన్ని కుదురుగనే ఉన్నయి,
బిందె తప్ప.
అండ్ల గుడ్డలు కుక్కుడు యాది మరిచిన.
గుంత గుంతకు మోగుతనే ఉంది.
ఖదీర్ రేడియో పెట్టబోయి చెయ్యి ఎనకకు తీసుకున్నడు.
ముందు సీట్ల మేడం
తొవ్వ దిక్కే చూస్తున్నది.

అన్ని దింపి, పైసలు లెక్కవెట్టుకొని,
రోజూ చెప్పే మాటే చెప్పిన.
ఫ్రిజ్‌ను అప్పుడే ప్లగ్గు వెట్టొద్దు మేడం,
కదిలొచ్చింది గద,
నాలుగు గంటలు గట్లనే ఉండనియ్యున్రి.
లోపలిది కుదుటపడాలె.

తలకాయ ఊపింది.
మేము గేటు దాటినంక పిలిచి అడిగింది,
"నాలుగు గంటలు
చాలుతదా అన్నా?"